పారేసిన మొదటి రన్‌లు

‘రెండు లోహాలు’ సీరియల్ – పదకొండో భాగం

పోయిన వారం మనం దెబోరాని ల్యాబ్‌లో, శాంపిల్‌లో ఏమేమున్నాయో కాగితం మీద గీసే పెన్ రికార్డర్ ముందు, నోటమాట రాకుండా నిలబెట్టి వదిలేశాం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆ పిల్ల మనసు పాపం అక్కడే నిలబడి ఉంది. ఇంటికి డ్రైవ్ చేసింది, అన్నం వండింది, వండిన అన్నాన్ని ముట్టుకోకుండా ఫ్రిజ్‌లో పెట్టింది. ఆదివారం చర్చిలో పాడాల్సిన పాట ప్రాక్టీసుకి రమ్మని ఎవరో ఫోన్ చేస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేసింది.

కథ మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం సంగతి నాలుగు మాటల్లో చెప్పేస్తాను. నరసాపురం పిల్ల దెబోరా, వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి వచ్చి, షికాగో పక్కన ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్ లిండ్‌గ్రెన్ దగ్గర అయిదేళ్ళుగా పిహెచ్‌డీ చేస్తోంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, ఈ రెండు గ్యాసుల నుంచీ మిథనాల్ తియ్యాలి. అదీ పని. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరిన రోజుల నుంచీ అమెరికాలో కెమిస్టులందరికీ ఇదే ధ్యాస. లిండ్‌గ్రెన్ గ్రూపు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఒకే అణువులో రెండు వేర్వేరు లోహాల్ని పక్కపక్కన కూర్చోబెట్టడం. ఆ జంట అణువునే ల్యాబ్‌లో కాంప్లెక్స్ అంటారు. జిర్కోనియానికి ఆక్సిజన్ అంటే ఎక్కడలేని యావ, కాబట్టి అది కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సిజన్ వైపు నుంచి పట్టుకుంటుంది. రోడియం దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, అది కార్బన్ వైపు నుంచి అందిస్తుంది. విడివిడిగా రెండూ దద్దమ్మలే, కలిస్తే మాత్రం మిథనాల్. ఈ ఒక్క మాట మీద లిండ్‌గ్రెన్‌కి గ్రాంటులు వచ్చాయి, దెబోరాకి ముందున్న విద్యార్థి కృష్ణమోహన్‌కి డాక్టరేటూ ఉద్యోగమూ వచ్చాయి, దెబోరా జుట్టులో రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి.

ఈమధ్య డిపార్ట్‌మెంటు కొత్త రియాక్టర్ కొంది. లోపల గాజు గొట్టం ఉంటుంది, ప్రయోగం, వాళ్ళ మాటల్లో రన్, అయ్యాక గొట్టం తీసి శుభ్రంగా కడుక్కోవచ్చు. అందులో ఎన్నిసార్లు వేసినా చుక్క మిథనాల్ రాలేదు. విసుగెత్తిపోయి శుక్రవారంనాడు దెబోరా పాత రియాక్టర్‌లో కాంప్లెక్స్ అసలు వెయ్యకుండా, వట్టి సాల్వెంట్ పోసి, గ్యాసులు నింపి వేడి చేసింది. దీన్నే బ్లాంక్ అంటారు. ఏమీ రాకూడదు. మిథనాల్ వచ్చింది. ఎప్పుడూ వచ్చేంతే వచ్చింది.

మరి సోమవారంనాడు షికాగోలో పెద్ద కెమిస్టుల సభ. ఆ సభలో లిండ్‌గ్రెన్ ఈ రెండు లోహాల గొప్పదనం గురించి ప్రసంగించబోతున్నాడు. స్లైడ్ మీద మొదటి పేరు దెబోరాది. కాంప్లెక్స్ లేకుండానే మిథనాల్ వస్తోందని తెలిశాక కూడా తన పేరు ఆ స్లైడ్ మీద ఉండనివ్వాలా, తీసెయ్యమనాలా? తీసెయ్యమంటే అయిదేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. ఇదీ ఇప్పుడు ఆమె ముందున్న చిక్కు.

శనివారం పొద్దున్న ఆమె రెండు పనులు చేసింది. మొదటిది, ల్యాబ్‌కి వెళ్ళి పాత రియాక్టర్‌ని గరుకు ఎమెరీ పేపర్ పెట్టి లోపలంతా తోమింది. ల్యాబ్‌లో దాన్ని బాంబ్ అంటారు. లావుపాటి ఉక్కు పాత్ర, మూతకి వేలెడేసి బోల్టులు. నల్లగా పట్టిన అడుగూ గోడలూ అద్దంలా మెరిసేదాకా, భుజాలు పడిపోయేదాకా తోమి, ఆసిడ్‌తో కడిగి, అప్పుడు కాంప్లెక్స్ వేసి రన్ మొదలుపెట్టింది. రన్ పూర్తయ్యాక శాంపిల్ చూసి ఫోన్ చెయ్యమని తన తోటి విద్యార్థి జోసఫ్‌కి అప్పజెప్పింది. జోసఫ్‌ది వేరే ప్రొఫెసర్ గ్రూపు, కానీ ఇద్దరిదీ ఒకే చర్చి.

రెండోది, నేపర్‌విల్ బయల్దేరింది, కృష్ణమోహన్‌ని కలవడానికి.

కృష్ణమోహన్ ఎవరనుకున్నారు? అయిదేళ్ళ క్రితం ఓహేర్ ఎయిర్‌పోర్టులో దిగిన దెబోరాని తన డాట్సన్ కారులో తీసుకొచ్చి, అపార్ట్‌మెంటు చూసిపెట్టి, ల్యాబ్‌లో ఒక ఏడాది పక్కన నిలబడి పని నేర్పినవాడు. ఇప్పుడు హారిగన్ కెమికల్స్ అనే కంపెనీ రిసెర్చ్ సెంటర్‌లో గ్రూప్ లీడర్. తనకి తెలిసిన కెమిస్ట్రీలో సగం ఆయన పెట్టిన భిక్షేనని దెబోరా నలుగురిలోనూ చెప్పుకుంటుంది కూడా. అలాంటి మనిషికి ‘మీ థీసిస్ తప్పు’ అని చెప్పడానికి వెళ్తోంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ఇల్లు కనపడేసరికి ఒక్కటీ గుర్తులేదు.

తలుపు తీసింది శశికళ, కృష్ణమోహన్ భార్య. “అదేమిటే, మొహం అలా పీక్కుపోయింది? థీసిస్ కోసం తిండి కూడా మానేశావా? రా, వేళకి వచ్చావు. పిండి పులిసింది, దోసెలు పోస్తున్నా” అంటూ లోపలికి లాక్కెళ్ళింది.

కృష్ణమోహన్ టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్నాడు. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. “రావమ్మా. సోమవారం నీ రోజు. మా వైస్ ప్రెసిడెంటు కూడా టాక్‌కి వస్తున్నాడు తెలుసా? నిన్న లిఫ్ట్‌లో కనపడి, ఆ అమ్మాయిని నాకు ఇంట్రడ్యూస్ చెయ్యి అన్నాడు.”

“మీతో కొంచెం మాట్లాడాలి.”

“మాట్లాడదాం. ముందు తిను.”

దెబోరా స్టవ్ పక్కన నిలబడింది. శశికళ ఇనప పెనం పెళ్ళయినప్పుడు తెనాలి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది. అది ఏ ఆయుధమోనని కస్టమ్స్‌వాడు అరగంట తిప్పి తిప్పి చూశాడని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ పెనం మీద మొదటి దోసె పోసింది. అది అతుక్కుని, అట్లకాడకి ముక్కలుముక్కలై వచ్చింది. శశికళ కనీసం విసుక్కోలేదు. గీకి చెత్తబుట్టలో పడేసి, ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది, రెండోది పోసింది. రెండోది చక్కగా లేచింది.

దెబోరా ఆ చెత్తబుట్ట వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆమె ల్యాబ్‌లో చేరిన కొత్తలో సేఫ్టీవాళ్ళు వచ్చి బాంబ్‌ని పట్టుకెళ్ళారు. పగుళ్ళేమైనా ఉన్నాయేమో చూడటానికి ఏడాదికోసారి పట్టుకెళ్ళి, లోపలంతా గీకి మెరిపించి తిరిగిస్తారు. అది తిరిగొచ్చాక దెబోరా వేసిన మొట్టమొదటి రన్‌లో ఏమీ రాలేదు. తనకి చేతకాలేదని బాత్రూములో కూర్చుని ఏడ్చింది. అప్పుడు కృష్ణమోహన్ నవ్వి చెప్పాడు, “పిచ్చిపిల్లా, మొదటి దోసె ఎప్పుడైనా సరిగ్గా వస్తుందా? తోమిన పెనం అది. రెండు మూడు రన్‌లు పడితే అదే దారికొస్తుంది. మొదటివి లెక్కలోకి రావు, పారెయ్.” ఆ మాట ఆమెకి ఎంత ధైర్యం ఇచ్చిందో. శశికళ చేతి దోసెలు తిన్న లిండ్‌గ్రెన్‌కి కూడా అది భలే నచ్చింది. అప్పటి నుంచీ ఆ ల్యాబ్‌లో అదొక ఆచారమైపోయింది. తోమిన బాంబ్‌లో వేసిన రన్‌ని ‘ఫస్ట్ దోసా’ అనేవాళ్ళు. జన్మలో దోసె మొహం చూడని అయోవా కుర్రాళ్ళు కూడా ‘ఓహ్, దట్స్ జస్ట్ ఎ ఫస్ట్ దోసా’ అనుకుంటూ చార్టు చించి పారేసేవాళ్ళు.

ఏళ్ళ తరబడి అందరూ కలిసి పారేసినవి ఏమిటి? బాంబ్ గోడలు శుభ్రంగా ఉన్నప్పుడు, కాంప్లెక్స్ తన సొంత కాళ్ళ మీద నిలబడి పనిచేసిన రన్‌లు. నిజం చెప్పిన రన్‌లు అవి మాత్రమే. గోడకి లోహం పట్టాక వచ్చినదాన్నంతా పళ్ళెంలో పెట్టుకుని లోకానికి చూపించారు. తెలివితక్కువవాళ్ళు ఎవరైనా చేశారా అంటే, కాదు. అందరూ ఫస్టు క్లాసులవాళ్ళే. దెబోరా చేతిలో ప్లేటు కౌంటర్ మీద పెట్టేసింది.

“నిన్న బ్లాంక్ వేశాను, పాత బాంబ్‌లో” అంది కృష్ణమోహన్ వైపు తిరిగి. “వట్టి సాల్వెంట్. మిథనాల్ వచ్చింది.”

కృష్ణమోహన్ కాఫీ కప్పు వెంటనే దించలేదు. “ఎంత?”

“ఎప్పుడూ వచ్చేంత.”

“సరిగ్గా కడిగుండవు. ముందు రన్‌ది మిగిలి ఉంటుంది.”

“మీరు నేర్పినట్టే కడిగాను. మిగిలిందైతే కొంచెం రావాలి. మొత్తం ఎలా వస్తుంది?”

“మరి కొత్త రియాక్టర్‌లో రావట్లేదన్నావుగా. దానికి సీల్ లీకవుతోందేమో. కొత్తవాటికి మామూలే.”

“లీక్ లేదు. నాలుగుసార్లు చెక్ చేశాను.” స్టవ్ దగ్గర నుంచి టేబుల్ దగ్గరికి వచ్చింది. “కృష్ణమోహన్ గారూ, మనం దండిగా వస్తోందనుకున్న మిథనాల్ కాంప్లెక్స్‌ది కాదు. ఆ వేడికి కాంప్లెక్స్ విరిగిపోతోంది. రోడియం గోడలకి పడుతోంది. మీ హయాం నుంచీ, తోమినప్పుడల్లా మళ్ళీ పట్టి పొరగడుతోంది. ఆ పొర చేస్తోంది మిథనాల్. రెండు లోహాలు కలిసి పనిచెయ్యడమూ లేదు, పాడూ లేదు.”

కృష్ణమోహన్ లేచి, వంటింటి పక్కన చెక్క అరుగులాంటి డెక్ మీదికి వెళ్ళే గాజు తలుపు జరిపాడు. “ఇలా రా” అన్నాడు. డెక్ కొత్తది, ఇంకా చెక్క వాసన వేస్తోంది. అవతల ఇళ్ళు లేవని చోట మొక్కజొన్న చేను అలాగే ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“చూడమ్మా” అన్నాడు, పిల్లలకి నచ్చజెప్పే గొంతుతో. “నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం. ఇవాళ శనివారం. ఎల్లుండి టాక్. ఇప్పుడు ప్రొఫెసర్‌ని కంగారుపెట్టి ఏం సాధిస్తావు? టాక్ అయిపోనీ. డిసెంబర్‌లో థీసిస్ సబ్మిట్ చెయ్యి. మా గ్రూపులో పొజిషన్ ఓపెన్ అవుతోంది, నీ పేరు చెప్పి పెట్టాను. వీసా సంగతి కంపెనీ లాయర్లు చూసుకుంటారు. ఆ తర్వాత తీరిగ్గా ఆ బ్లాంకూ, దాని సంగతీ చూద్దాం.”

“తప్పని తెలిసీ చెప్పమంటారా?”

“చెప్పేది నువ్వు కాదుగా, ఆయన.”

“మొదటి పేరు నాది.”

“అందుకే చెబుతున్నా. ఈ పడవ మునిగితే ముందు మునిగేది నువ్వే. లిండ్‌గ్రెన్‌కి పర్మనెంట్ ఉద్యోగం. నాకు నా డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్ళయింది. వెనక్కి ఎవరూ తీసుకోరు. నీకేముంది?”

నిజమే, తనకేముంది? దెబోరాకి ఒళ్ళు మండిపోయింది. అయిదేళ్ళు. వచ్చిన సంబంధాలన్నిటినీ వద్దంది. తమ్ముడి పెళ్ళికి వెళ్ళలేదు. రన్ మధ్యలో ఉంది, బాంబ్ వదిలి ఎలా రాను అని ఇంటికి ఫోన్‌లో చెప్పింది. ఆ బాంబ్ ఇంతకాలం ఆమెని వెర్రిదాన్ని చేసి ఆడించింది. ఎవరిమీద కోప్పడాలో తెలియని కోపం మహా చెడ్డది, లోపల్లోపలే తిరుగుతూ ఉంటుంది.

“మీరు ఎన్ని మొదటి రన్‌లు పారేశారు?” అని అడిగింది.

“ఏమిటి?”

“తోమాక వేసినవి. ఎన్ని? నేను చేరకముందు కూడా ఉన్నాయిగా. అవి మాత్రమే లెక్కలోకి రావాల్సినవి. అవే లెక్కలోకి రావని మీరు నాకు చెప్పారు. నేను ఇంకొకళ్ళకి చెప్పాను. నవ్వుతూ చెప్పాను.”

కృష్ణమోహన్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అతనికి బాధగా ఉందనుకుంది దెబోరా. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఎంతైనా ఆయన థీసిస్ కూడా ఇదేగా, ఆయన మాత్రం పాపం ఏం చేస్తాడు అనుకుంది.

“ఊరికే అనుమానంతో మాట్లాడట్లేదు” అంది, గొంతు తగ్గించి. “పొద్దున్న బాంబ్‌ని ఎమెరీ పేపర్‌తో తోమేశాను. మెరిసేదాకా. ఇప్పుడు అందులో కాంప్లెక్స్ వేసి రన్ పెట్టి వచ్చాను. మిథనాల్ రాకపోతే ఇక ఎవరూ ఏమీ అనడానికి ఉండదు. జోసఫ్ ఇక్కడికి ఫోన్ చేస్తాడు.”

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. “ఏం చేశావు?”

“తోమాను.”

“ఎవరు తోమమన్నారు నిన్ను?” కుర్చీలోంచి లేచాడు. ఇంతసేపూ నచ్చజెప్పిన గొంతు ఎక్కడికి పోయిందో. “ఆ రన్ ఆపించు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపెయ్యమని చెప్పు.”

“ఎందుకు?”

“ఎందుకేమిటి? బుర్ర ఉందా? నిన్న నీ బ్లాంక్‌లో మిథనాల్ వచ్చిందన్నావు. ఎక్కడి నుంచి వచ్చింది? గోడ మీద పొర నుంచి. ఇవాళ ఆ పొరని తోమి సింక్‌లో పోశావు. రేపు లిండ్‌గ్రెన్ వచ్చి, ఏదీ, ఆ బ్లాంక్ నా ముందు మళ్ళీ వెయ్యి అంటే ఏం చూపిస్తావు? సున్నా వస్తుంది. బ్లాంక్ చక్కగా సున్నా వచ్చింది కదమ్మా, ఇక నీ గోలేమిటి అంటాడు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నీ చేతులతో నువ్వే పోగొట్టుకున్నావు.”

దెబోరాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అక్షరాలా నిజం. కోపంలో తోమింది, నిజం తేలాలని తోమింది, తోమి నిజాన్నే కాలవలో కలిపింది. వట్టి సాల్వెంట్‌తోనే అంత మిథనాల్ వచ్చేంత దట్టంగా మళ్ళీ ఆ పొర పట్టాలంటే ఎన్ని రన్‌లు పడాలో, ఎన్ని నెలలు పడుతుందో. సోమవారంలోగా అయ్యే పని కాదు.

అంతలో ఒక చిన్న సందేహం వచ్చింది. “పొర ఎలాగూ పోయింది. ఇప్పుడు రన్ ఆపితే ఏం మిగులుతుంది?”

“తోమిన గోడ పలచబడి ఉంటుంది. ప్రెజర్‌కి పగిలితే? ఆ జోసఫ్ పక్కనే ఉంటాడు. నీ పంతం కోసం ఇంకొకడి ప్రాణం మీదికి తెస్తావా?”

ఎమెరీ పేపర్‌కి అంగుళం మందం ఉక్కు పగలదని ఆమెకి తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా ఆయన చెబితే వినడం అయిదేళ్ళ అలవాటు. పైగా తప్పుచేసినట్టు నిలబడి ఉంది. లేచి లోపలికి నడిచింది, వంటింటి గోడకున్న ఫోన్ దగ్గరికి. చెయ్యి చాచేసరికి అదే మోగింది.

“దెబోరా?” జోసఫ్ గొంతు. “మిథనాల్ లేదు. రెండుసార్లు మెషీన్‌లో ఇంజెక్ట్ చేశాను. జీరో.”

తను ఊహించిందే. రెండు లోహాలూ పచ్చి అబద్ధమని ఇప్పుడు రుజువైంది. “సరే. థాంక్స్, జోసఫ్” అంది.

“ఆగు, ఇంకో సంగతి. మొదటిసారి పెన్ ఆపకుండా కాఫీకి పోయాను. మీరంతా మిథనాల్ రాగానే మూడో నిమిషంలో ఆపేస్తారుగా, నేను మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి కాగితం బారెడు నడిచింది. చివర్లో ఒక పీక్ ఉంది, దిబ్బలాగా. చిన్నదే. కాలమ్‌లో చెత్తేమోననుకుని మళ్ళీ ఇంజెక్ట్ చేశా. మళ్ళీ సరిగ్గా అక్కడే వచ్చింది, పధ్నాలుగో నిమిషంలో.”

“ఏమిటది?”

“నన్నడుగుతావేం? కాంప్లెక్స్ నీది.”

ఆమె ఫోన్ పెట్టేసింది. కృష్ణమోహన్ గాజు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. డెక్ మీద నుంచి ఎప్పుడు లోపలికొచ్చాడో ఆమె చూడలేదు.

“మిథనాల్ రాలేదు” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

“పధ్నాలుగో నిమిషం దాకా పెన్ ఆడించాడా?” అన్నాడు కృష్ణమోహన్.

అన్నాక తను ఏమన్నాడో అతనికి తెలిసింది. మొహంలో రంగు మారింది. స్టవ్ మీద దోసె సుయ్‌మంటోంది.

“పధ్నాలుగో నిమిషం అని నేను అనలేదు” అంది దెబోరా నెమ్మదిగా. “జోసఫ్ అన్నాడు, ఫోన్‌లో, నాతో. మీకెలా తెలుసు?”

కృష్ణమోహన్ డైనింగ్ టేబుల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడో, ఇన్నాళ్ళూ మోసి అలిసిపోయాడో, చెప్పాడు.

“గ్లైకాల్. కారు రేడియేటర్‌లో పోస్తాం చూడు, అదే. మిథనాల్‌లో ఒక కార్బన్, ఇందులో రెండు. మిథనాల్‌ని ఎవరైనా చేస్తారు. గ్యాసుల నుంచి నేరుగా ఇది చెయ్యడం మాత్రం మహా కష్టం. మొదటి రన్‌లో ఏమీ రాకపోతే ఏం చేస్తాం, నడుస్తున్న పెన్ వంకే చూస్తూ కూర్చుంటాం. అలా ఒకరోజు చూశాను, చివర్లో దిబ్బ లేచింది. కింద కారు డిక్కీలో యాంటీఫ్రీజ్ డబ్బా ఉంటే తెచ్చి, చుక్క ఇంజెక్ట్ చేశా. అచ్చం అక్కడే వచ్చింది.”

“ఎప్పుడు?”

“నువ్వు చేరకముందు.”

దెబోరా కౌంటర్ అంచు పట్టుకుంది. అయితే రెండు లోహాలూ అబద్ధం కాదు. శుభ్రమైన పాత్రలో, గోడల సాయం లేకుండా, ఆ కాంప్లెక్స్ నిజంగానే ఒక పని చేస్తోంది. తను నమ్మి అయిదేళ్ళు చాకిరీ చేసిన సంగతి నిజమే.

“మరి నన్ను పారెయ్యమన్నారు” అంది.

“అప్పుడు గ్లైకాల్ చిటికెడు వచ్చేది, మిథనాల్ చారెడు వచ్చేది. థీసిస్‌కి చారెడే కావాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నా. తర్వాత...”

“తర్వాత?”

శశికళ చట్నీ గిన్నె తెచ్చి టేబుల్ మీద పెడుతూ, వాళ్ళ మాటల్లో తనకి తెలిసిన ముక్క చెవినపడి మొగుడి వైపు తిరిగింది. “గ్లైకాల్ అంటే, మొన్న పేటెంట్ ఫైల్ చేశామని డెవాన్ వీధిలో మన కొట్టుకి వెళ్ళి స్వీట్లు తెచ్చారే, అదేనా? ఆ కాంప్లెక్స్ దెబోరా చేసేదేనా? నాకు చెప్పలేదేం? పిల్లకి కూడా ఒక డబ్బా పంపేదాన్నిగా.”

శశికళ ఒకసారి భర్తనీ, ఒకసారి దెబోరానీ చూసింది. ఆమె తెలివైన మనిషి. గిన్నె మీద నుంచి చెయ్యి తియ్యడం మర్చిపోయి అలాగే నిలబడింది.

“నా కాంప్లెక్స్” అంది దెబోరా. “పోయినేడు ఆ లోహాల్ని పట్టుకునే లైగాండ్ మార్చింది నేను. అది ఎలా చెయ్యాలో ఈ టేబుల్ దగ్గరే కూర్చుని మీకు గీసి చూపించాను. చాలా బాగుందమ్మా అన్నారు.”

“కంపెనీ రూల్స్ ప్రకారం బయటివాళ్ళ పేర్లు...”

“నా పేరు లేదు.”

“లేదు.”

ఇన్నాళ్ళ మర్యాదంతా ఆ ఒక్క ‘లేదు’తో తెగిపోయింది. ఈ మనిషి ముందు గొంతెత్తకూడదు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు గొంతెత్తాల్సిన అవసరం కూడా కనపడలేదు. ఏం చెయ్యాలో స్పష్టంగా తెలిసిపోయింది. నిజం చెబితే ఇంక పోయేదేమీ లేదు, పైగా చెప్పడానికి ఒక మంచి నిజం ఉంది. మిథనాల్ తప్పు, గ్లైకాల్ ఒప్పు, రుజువు ల్యాబ్‌లో జోసఫ్ చేతిలో వెచ్చగా ఉంది. సోమవారం లోపల ఇంకో రెండు రన్‌లు కూడా వెయ్యొచ్చు. ప్రొఫెసర్ లిండ్‌గ్రెన్ కోపిష్టి, కానీ మంచి కెమిస్టు. ఈ మాట వింటే సూట్‌కేసు సర్దుకోవడం ఆపి ల్యాబ్‌కి పరుగెత్తుకొస్తాడు. తన విద్యార్థి సొత్తు ఇంకొకడు తన్నుకుపోతే ఊరుకోడు.

ఆమె గోడ వైపు తిరిగి, రిసీవర్ తీసి, లిండ్‌గ్రెన్ ఇంటి నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

కృష్ణమోహన్ లేచి వచ్చాడు. అడ్డుపడతాడనుకుని దెబోరా భుజం అడ్డం పెట్టింది. అతను రిసీవర్ లాక్కోలేదు. చెయ్యి చాచి, ఫోన్ మీది హుక్‌ని ఒక్క వేలితో నొక్కి పట్టుకున్నాడు. లైన్ తెగిపోయింది.

“ఆయనకి చేసి లాభం లేదమ్మా” అన్నాడు, ఆమె మొహం చూడకుండా. “సోమవారం మిథనాల్ గురించే మాట్లాడాలనీ, ఇంకో ఏడాది అందరూ మిథనాల్ వెంటే పడితే మంచిదనీ అన్నది ఆయనే. పేటెంట్‌లో రెండు పేర్లున్నాయి. మొదటి పేరు ఆయనది.”